వేలు మనది, లాగిన్ ఎవరిదో?

పోస్టు పెద్దదే. పొలం పని అయ్యాక తీరిగ్గా చదవండి, సగంలో మాత్రం వదలొద్దు. ఇది ఏ పార్టీ గొడవా కాదు. మన వేలు, మన ఫోను, మన అడంగల్ సంగతి.

ఒక విషయం నాకు ఎంతకీ మింగుడు పడటం లేదు. ఆ మధ్య ఎవరికి ఫోన్ చేసినా ముందు సైబర్ మోసాల గురించి ఒక గొంతు వినపడేది. బ్యాంకు గోడ మీద కూడా ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రాసుంటది. పోలీసోళ్ళు సెంటర్లో మైకు పెట్టి అదే మాట చెప్తారు. బాగుంది, మంచి మాటే. మరి అదే రైతు పనిమీద ఏ కౌంటరు దగ్గరకి పోయినా మొదటి మాట ఏంటి? "బాబాయ్, ఫోన్‌కి నంబరు వచ్చింది చూడు, చెప్పు." 2025లో రైతు రిజిస్ట్రీ అని, ప్రతి రైతుకీ 11 అంకెల విశిష్ట సంఖ్య అని మొదలుపెట్టారు. అక్కడా ఓటీపీ. సిమ్ము మార్చినా, బ్యాంకులో కేవైసీ అన్నా ఓటీపీయే. పదిమంది లైన్లో నిలబడి ఉంటే అందరికీ వినపడేలా ఆరంకెలు గట్టిగా చదివి చెప్పాలి. కళ్ళజోడు మర్చిపోయినోళ్ళు ఫోనే కౌంటర్లోకి ఇచ్చేస్తారు.

అంటే ప్రభుత్వం ఒక నోటితో చెప్పొద్దంటుంది, ఇంకో నోటితో చెప్పకపోతే పని జరగదంటుంది. ఏళ్ళ తరబడి అడిగినోడికల్లా నంబరు చెప్పడం మనకి అలవాటు చేసింది ఆఫీసులే. తర్వాత ఎవడో ఫోన్ చేసి "పీఎం కిసాన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నా, మీ కేవైసీ ఆగిపోయింది, నంబరు వచ్చింది చెప్పండి" అంటే మనోళ్ళు చెప్తారు. చెప్పరా మరి? ఆ పని అట్లాగే జరుగుతుందని నేర్పింది ఎవరు? డబ్బు పోయాక మాత్రం "రైతుకి అవగాహన లేదు" అని రాస్తారు. అవగాహన లేక కాదండీ. నేర్పిన పాఠం సరిగ్గా అప్పజెప్పాడు అంతే.

అసలు దీని సంగతేంటో మన భాషలో చెప్పుకుందాం. కంప్యూటరుకి మొహాలు తెలియవు. మన ఊళ్ళో అయితే కల్లం దగ్గరకి ఎవరొచ్చినా ఫలానా వాళ్ళబ్బాయి అని నడక చూసి చెప్తాం. మిషనుకి ఆ జ్ఞానం లేదు. అందుకని "నువ్వు నువ్వేనా?" అని అడుగుతుంది. దాన్నే ఆథెంటికేషన్ అంటారు. దానికి మూడు దారులు. మనకి మాత్రమే తెలిసింది చెప్పడం, అంటే పాస్‌వర్డు, పిన్ను. మన దగ్గర మాత్రమే ఉన్నది చూపించడం, అంటే మన ఫోన్‌కి వచ్చిన ఓటీపీ, ఏటీఎం కార్డు. మన ఒంట్లో ఉన్నది పెట్టడం, అంటే వేలిముద్ర, కంటిపాప, ఇప్పుడు మొహం. ఈ మూడిట్లో ఏదో ఒకటి సంపాదించి, మనం కాకుండా ఇంకొకడు మన పేరుతో లోపలికి పోతే అది ఇంపర్సనేషన్. మన పాత మాటల్లో బినామీ, దొంగ సంతకం, మనిషి మారాటం. సరుకు పాతదే, సంచి కొత్తది.

ఇప్పుడు వేలిముద్ర సంగతి చూడండి. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. కార్డు పోతే కొత్తది తెచ్చుకుంటాం. తాళంచెవి పోతే తాళమే మారుస్తాం. వేలిముద్ర పోతే? పది వేళ్ళు అయిపోతే పదకొండోది లేదు. పైగా ఈ తాళంచెవిని మనం తాకిన ప్రతి గ్లాసు మీదా, గేటు మీదా వదిలేసి వస్తాం. ఇవన్నీ పక్కనబెట్టండి. ప్రభుత్వమే దాన్ని కాగితం మీద అచ్చుగుద్ది అందరికీ అందేచోట పెట్టింది.

ఎట్లాగంటే, రిజిస్ట్రేషన్ చట్టానికి 2001లో సవరణ చేసి 32ఎ అనే సెక్షన్ పెట్టారు. పొలం అమ్మినా కొన్నా దస్తావేజు మీద ఫొటో అంటించాలి, వేలిముద్రలు వేయాలి. ఒకడి బదులు ఇంకొకడు నిలబడి పొలం రాసివ్వకుండా ఆపాలని. ఉద్దేశం మంచిదే. తర్వాత దస్తావేజుల్లోకి ఆధార్ నంబరు వచ్చింది. ఆ తర్వాత దస్తావేజులు కంప్యూటర్లోకి ఎక్కినయ్, నకలు వెబ్‌సైట్లో దొరకడం మొదలైంది. మూడు పనులూ విడివిడిగా చూస్తే మూడూ మంచివే. కలిపితే ఏమైంది? ఒకే కాగితం మీద పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర. దొంగకి ఇంతకంటే ఏం కావాలి?

2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ములు అమ్ముకునే ఒకతను సరిగ్గా ఇదే పని చేశాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే జనం వేలిముద్రలు తయారుచేసి, వాళ్ళ పేర్ల మీద వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. ఎందుకయ్యా అంటే కంపెనీ టార్గెట్టు కోసం. హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆ వేళ్ళ యజమానులు రైతులు, ఇళ్ళ స్థలాలు కొనుక్కున్నోళ్ళు. వాళ్ళు ఏ మెసేజీలూ నొక్కలేదు, ఏ ఓటీపీలూ చెప్పలేదు. చేసిన నేరమల్లా చట్టం చెప్పినట్టు దస్తావేజు మీద వేలిముద్ర వేయడం.

2018లో అంత గొడవ జరిగిందిగదా, మరి మన దగ్గర జాగ్రత్త పడ్డారా? 2022లో సైబరాబాద్ పోలీసులు ఇంకో ముఠాని పట్టుకున్నారు. ఈసారి దస్తావేజులు మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌వి. ఈసారి సిమ్ములు కాదు, నేరుగా బ్యాంకు ఖాతాలు. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతి ఉందిగదా, ఏఈపీఎస్ అంటారు. ఊళ్ళో చిన్న మిషను పెట్టుకుని వేలు పెడితే డబ్బులిస్తారే, అదే. దానికి కార్డు అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు. అంటే మూడు దారులున్నాయని పైన చెప్పానే, అందులో ఒక్క దారితోనే తలుపు తెరుచుకుంటది. ఆ ఒక్క దారి కూడా దస్తావేజులో అచ్చుగుద్ది ఉంది.

ఇంకా వెనక్కి పోతే 2017 మేలో ఒక పరిశోధన సంస్థ లెక్క తీసింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో కలిపి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేట్టు పడి ఉన్నాయని. ఆ నాలుగిట్లో రెండు మన రాష్ట్రానివే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకోటి చంద్రన్న బీమాది. మళ్ళీ ఏడాదికి, 2018 ఏప్రిల్‌లో, మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షా 30 వేల పైచిలుకు లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతంతో సహా కనపడుతున్నాయని శ్రీనివాస్ కొడాలి అనే కుర్రాడు బయటపెట్టాడు. పత్రికల్లో వచ్చాక మూశారు. మూశారుగానీ అప్పటిదాకా ఎవరెవరు దించుకుపోయారో ఎవరు చెప్తారు? గండి పూడ్చినంత మాత్రాన పోయిన నీళ్ళు కాలవలోకి తిరిగొస్తాయా?

ఇక రెండో వైపు చూడండి. ఇంతసేపూ మన వేలు గురించి మాట్లాడాం. అసలు పెద్ద కన్నం కౌంటరుకి అవతల ఉంది.

మన అడంగల్ మార్చాలంటే, ఈ-క్రాప్‌లో పంట ఎక్కించాలంటే, ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టాలంటే వెబ్‌సైట్లోకి పోవాల్సింది మనం కాదు, ఉద్యోగి. ఆ ఉద్యోగికో లాగిన్, ఒక పాస్‌వర్డు. కొన్నిటికి డిజిటల్ సంతకం అని పెన్‌డ్రైవ్ లాంటిది. మరి ఆ లాగిన్ ఆ ఉద్యోగి ఒక్కడి దగ్గరే ఉంటుందా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. "సార్ లేరు, సార్ లాగిన్‌లో నేనే చేస్తా కూర్చో" అన్న మాట మనలో విననివాడెవడు? పాస్‌వర్డు గోడకి అంటించిన చీటీ మీద ఉంటది. లేదా కంప్యూటరే గుర్తుపెట్టుకుని ఉంటది. పొద్దున తెరిచిన లాగిన్ సాయంత్రం దాకా తెరిచే ఉంటది. మధ్యలో టీకి పోతారు, మీటింగుకి పోతారు. కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళే సారు.

దీనివల్ల ఏమవుతుందో మన పక్క రాష్ట్రం తమిళనాడు చూసింది. 2020లో పీఎం కిసాన్‌లో పొలమే లేనోళ్ళు 5 లక్షల 50 వేల మంది దాకా రైతులై కూర్చున్నారు. మూడు విడతల్లో ఏటా 6 వేలు ఇచ్చే పథకం అది. సుమారు 110 కోట్లు పక్కదారి పట్టినట్టు ఆ రాష్ట్ర వ్యవసాయ శాఖ కార్యదర్శే చెప్పారు. ఎట్లా జరిగింది? ఎవడూ సర్వర్ గోడ బద్దలుకొట్టలేదు. వ్యవసాయాధికారుల లాగిన్లు, పాస్‌వర్డులు కింద కాంట్రాక్టు సిబ్బంది చేతుల్లోకి, అక్కడినుంచి దళారుల చేతుల్లోకి పోయినయ్. దళారి అధికారిగా లోపలికి పోయి రైతుల్ని పుట్టించాడు. కంప్యూటరు దృష్టిలో అన్నీ అధికారి చేసినవే. అంతా సక్రమమే.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక సంగతి ఉంది, ఇది అర్థమైతే సగం పోరాటం గెలిచినట్టే. పెద్ద పెద్ద వెబ్‌సైట్లలో కూడా ఒకరి బదులు ఇంకొకరు లోపలికి పోయే వీలు పెడతారు. కస్టమర్‌కి ఇబ్బంది వస్తే సిబ్బంది ఆ కస్టమర్ తెరలోకి పోయి చూడాలిగదా. అది తప్పు కాదు. కాని సరిగ్గా కట్టిన చోట సిబ్బంది తన సొంత లాగిన్‌తోనే లోపలికి వస్తాడు. ఫలానా ఉద్యోగి, ఫలానా ఖాతాదారు తరఫున, ఫలానా రోజు ఇన్ని గంటలకి, ఫలానా మార్పు చేశాడు అని రెండు పేర్లూ దస్త్రంలో పడతాయి. చెరిపితే చెరగవు. మన దగ్గర పడేది ఒక్కటే పేరు, తహసీల్దారుదో అధికారిదో. నిజంగా మీటలు నొక్కిన చెయ్యి ఎవరిదో ఎక్కడా ఉండదు. రేపు గొడవైతే సారు "నేను చెయ్యలేదు" అంటాడు. ఆపరేటరు "నాకు లాగినే లేదు" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తారు. మన పొలం మాత్రం ఇంకొకరి పేర ఉంటది.

పాత కరణాలు మంచోళ్ళని నేను చెప్పను. కలం తిప్పి కాలవ గట్లు మార్చినోళ్ళు ఉన్నారు. 1984లో ఆ వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్ళల్లో సంతోషపడినోళ్ళే ఎక్కువ. కాని ఒక్క మాట. కరణం దొంగరాత రాస్తే ఆ చేతిరాత ఫలానా కరణానిదని కోర్టులో చూపించడానికి వీలుండేది. సిరా రంగు మారేది, కొట్టివేత కనపడేది. ఇప్పటి దొంగరాతకి చేతిరాత లేదు, కొట్టివేత లేదు. చక్కటి అచ్చు అక్షరాలు. అందుకే ఇప్పుడు ఎవరు మార్చారో చెప్పే దస్త్రం కరణం కాలం కంటే పదిరెట్లు గట్టిగా ఉండాలి. ఉన్నది అంతకంటే బలహీనం.

ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద 2024 ఎన్నికల ముందు మనం ఎంత కొట్టుకున్నామో గుర్తుందిగా. రచ్చబండ దగ్గర నెలల తరబడి అదే మాట. తర్వాత ఆ చట్టం రద్దయింది. సంతోషం. కాని మన పొలం పేరు మార్చే లాగిన్ ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎప్పుడు వాడారు అన్న ప్రశ్న ఆ చట్టం రాకముందూ ఉంది, పోయాకా ఉంది. దానిమీద ఏ పార్టీ వాడూ మైకు పట్టుకోలేదు. మనమూ అడగలేదు.

మూడో సంగతి మన డెల్టాకి ప్రత్యేకం. కౌలు రైతు.

మిషను అడిగేది "నువ్వు నువ్వేనా" అని. "ఈ పంట పండించింది నువ్వేనా" అని అడగదు. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కాదు. ఎకరాలున్న ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు, కొడుకు అమెరికాలో ఉంటాడు. ఆయన వేలు నూటికి నూరుపాళ్ళు ఆయనదే. మిషను పచ్చలైటు వేస్తది. కాని బురదలో దిగింది, పురుగుమందు కొట్టింది, తుఫానొస్తే పనలు తిప్పి ఆరబెట్టుకుంది కౌలు రైతు. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఆ 2019 చట్టం ప్రకారం కార్డు కావాలంటే ఆసామి ఒప్పుకోవాలి. ఒప్పుకోరు, భయం. దాంతో పంట ఒకరిది, పేరు ఒకరిది. బీమా వచ్చినా, నష్టపరిహారం వచ్చినా, ధాన్యం డబ్బులు పడ్డా పేరున్నోడి ఖాతాలో పడతాయి. అక్కడినుంచి ఆయన దయ.

నన్నడిగితే ఇది ప్రభుత్వమే సర్టిఫికెట్ ఇచ్చి నడిపిస్తున్న ఇంపర్సనేషన్. పండించినోడి స్థానంలో పండించనోడు నిలబడతాడు, మిషను సలాం కొడుతుంది. పైగా కౌలు రైతు వేలు చూడండి. కొడవలి పట్టి, బస్తాలు మోసి, మందులు కలిపి గీతలు అరిగిపోయి ఉంటాయి. ఐదుసార్లు పెట్టినా "మళ్ళీ పెట్టు" అంటది. రబ్బరు వేలికి తెరుచుకున్న తలుపు నిజం వేలికి తెరుచుకోదు. ఇదండీ మన టెక్నాలజీ.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాటలూ విందాం.

ఒకాయన అంటాడు, ఇవన్నీ లేకపోతే దొంగ రైతులు, బినామీ ధాన్యం ఎక్కువైపోవా అని. అవును, పోతాయి. నేను మిషను వద్దనడం లేదు. గాదెకి తాళం వద్దని ఎవడంటాడు? తాళంచెవి గుమ్మానికి తగిలించొద్దంటున్నా.

ఇంకొకాయన అంటాడు, ఇప్పుడు అంతా బాగుచేశారుగా అని. కొంత చేశారు, కాదనను. దస్తావేజుల్లో వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కనపడకుండా కప్పెయ్యమని రాష్ట్రాలకి చెప్పారు. ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో పెట్టింది బతికున్న వేలా, అచ్చువేసిన వేలా అని పసిగట్టే పద్ధతి తెచ్చింది. ఏఈపీఎస్ మిషన్లు నడిపేవాళ్ళని సరిగ్గా విచారించాకే పెట్టుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో బ్యాంకులకి ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కాని ఇవన్నీ మన వేలు వైపు తాళాలు. కౌంటరు అవతల లాగిన్ వైపు ఏ తాళం వేశారు? ఈ పోస్టులో నా గొడవ ముఖ్యంగా అదే.

మూడో ఆయన అంటాడు, రైతులకి అవగాహన సదస్సులు పెడితే చాలని. ఎన్నేళ్ళుగా పెడుతున్నారు? తలుపులు లేని ఇల్లు కట్టించి, నిద్రపోవద్దని కాపురస్తుడికి నేర్పితే దాన్ని భద్రత అంటారా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి భవానీపురం పక్క కాలనీలు, సింగ్‌నగర్ మునిగినప్పుడు జనం ఏ స్థితిలో ఉన్నారో మనం చూశాం. నడుంలోతు నీళ్ళలోంచి బయటపడ్డవాడు ఎవడు ఆధార్ జిరాక్స్ అడిగితే వాడికి ఇచ్చాడు. వచ్చినోడు నిజం ఉద్యోగా కాదా అని ఏం చూసి తేల్చుకుంటాడు? మనం ఎవరమో రుజువు చేసుకోవడానికి పది దారులు పెట్టారు. మన ముందుకొచ్చినోడు ఎవరో తేల్చుకోవడానికి మనకి ఒక్క దారి పెట్టలేదు. మేము రుజువు చూపిస్తాం, మరి నువ్వెవరో చూపించు అనే హక్కు రైతుకి ఉండాలా వద్దా?

అందుకని నేను అడిగేవి ఇవి. ఏవీ గొంతెమ్మ కోరికలు కావు, కోట్లు ఖర్చయ్యేవీ కావు.

1. ఓటీపీ మెసేజ్ తెలుగులో రావాలి. ఏ పనికి, ఏ ఆఫీసు నుంచి, ఏ ఉద్యోగి అడిగితే వచ్చిందో అందులో ఉండాలి. ఉత్త ఆరంకెలు పంపితే అది దేనికో మనకెట్లా తెలుస్తది?

2. ఓటీపీ నోటితో చెప్పించుకోవడం మానాలి. కౌంటరు మీద చిన్న మీటల డబ్బా పెడితే మనమే నొక్కుతాం. ఏటీఎంలో పిన్ను మనమే నొక్కడం లేదా?

3. వేలు పెట్టే మిషను తెర మన వైపు తిరగాలి. "ఎర్రర్ వచ్చింది, మళ్ళీ పెట్టు" అన్న ప్రతిసారీ కాగితం రావాలి. మొదటిసారి నిజంగా ఎర్రరా, లేక డబ్బు పోయిందా అన్నది మనకి తెలియాలి.

4. ఏ ఉద్యోగి లాగిన్ ఆ ఉద్యోగిదే. కింద పనిచేసే ఆపరేటరుకి వేరే లాగిన్ ఇవ్వాలి. రికార్డులో ఇద్దరి పేర్లూ పడాలి. లాగిన్ అరువిస్తే సంతకం అరువిచ్చినట్టే లెక్కగట్టాలి.

5. అడంగల్‌లో, వన్-బీలో ఒక్క అక్షరం మారినా ఆ రైతు ఫోన్‌కి మార్పుకి ముందే మెసేజ్ రావాలి. అభ్యంతరం చెప్పడానికి గడువుండాలి. బ్యాంకులో వంద రూపాయలు తీస్తే మెసేజ్ వస్తది, ఎకరం పోతే రాదా?

6. మన భూమి రికార్డుని ఎవరెవరు తెరిచారో, ఎవరు మార్చారో మనకి మనం చూసుకునే వీలు మీభూమిలోనే ఉండాలి.

7. వేలు పడని రైతుకి మర్యాదగా ఇంకో దారి ఉండాలి. కౌలు రైతుకి ఆసామి సంతకంతో పనిలేకుండా, ఊరివాళ్ళ సాక్ష్యంతో, పొలం దగ్గర విచారణతో పంట నమోదు కావాలి. మిషనుకి తెలియనిది ఊరికి తెలుసు.

ఇవి వచ్చేలోపు చేతులు కట్టుకుని కూర్చోమని చెప్పను. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

ఆధార్ యాప్‌లోగానీ వెబ్‌సైట్లోగానీ బయోమెట్రిక్ లాక్ అని ఉంటది. అది వేస్తే మన వేలిముద్రతో ఎవరూ ఏమీ చెయ్యలేరు. రేషనుకో, ఈ-క్రాప్‌కో వేలు పెట్టాల్సిన రోజు కాసేపు తీసి మళ్ళీ వేసుకోవచ్చు. ముందు ఫోన్ నంబరు ఆధార్‌కి లింకయి ఉండాలి. చేతగాకపోతే ఇంట్లో ఇంటర్ చదివే పిల్లల్ని కూర్చోబెట్టండి, బయటోళ్ళకి ఫోను ఇవ్వకండి. అనుమానం ఉంటే 1947కి ఫోన్ చెయ్యండి. అదే వెబ్‌సైట్లో గత ఆరు నెలల్లో మన ఆధార్‌ని ఎప్పుడెప్పుడు వాడారో చూసుకోవచ్చు. మనం పొలంలో ఉన్న రోజు మన వేలు ఇంకెక్కడో పడిందేమో తెలిసిపోతుంది.

ఖాతాలో డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. మన తప్పూ బ్యాంకు తప్పూ కాకుండా బయటివాడి మోసంతో డబ్బు పోయి, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల లోపల మనం చెప్తే, నష్టం మన మీద పడకూడదు. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే. "నీ వేలే పడింది, మేమేం చేస్తాం" అని కౌంటర్లో అంటే ఊరుకుని రావద్దు. ధర్మారంలో పడింది కూడా వాళ్ళ వేళ్ళే అని చెప్పండి.

జిరాక్స్ ఇచ్చేటప్పుడు దానిమీద ఏ పనికి ఇస్తున్నామో, తేదీతో అడ్డంగా రాసివ్వండి. నెలకోసారి మీభూమిలో మన సర్వే నంబరు చూసుకోండి. మార్పు కనపడితే ఆ తెర ఫొటో తీసి దాచండి. ఎవరి లాగిన్‌తో మారిందో చెప్పమని సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. సమాధానం రాకపోయినా ఆ అర్జీ కాగితం రేపు కోర్టులో పనికొస్తది.

ఒక్కరం అడిగితే "పెద్దాయనా, సర్వర్ డౌను, రేపు రా" అంటారు. ఊరంతా అడిగితే అనలేరు. వచ్చే గ్రామసభలో నీళ్ళ సంగతి, రోడ్ల సంగతితో పాటు ఈ ప్రశ్న కూడా రాయించండి: మా రికార్డు మార్చే లాగిన్లు ఎన్ని, ఎవరెవరి చేతిలో ఉన్నాయి? తీర్మానం పుస్తకంలో ఎక్కించకుండా లేవొద్దు. మన తాతలు వేలిముద్ర వేస్తే చదువురాదని ఎగతాళి చేశారు. ఇవాళ చదువుకున్న మనల్ని కూడా అదే వేలిముద్ర దగ్గరకి తీసుకొచ్చారు. అప్పుడు తాత ఏ కాగితం మీద వేస్తున్నాడో చదివి వినిపించడానికి పక్కన ఒక మనిషన్నా ఉండేవాడు. ఇప్పుడు ఆ మనిషి కూడా లేడు. కాబట్టి వేలు పెట్టే ముందు దేనికి, ఎవరికి, ఎందుకు అని మనమే అడగాలి. అడగడం మర్యాద తప్పడం కాదు.

మీ ఊళ్ళో ఇట్లాంటివి జరిగి ఉంటే కింద రాయండి. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు మాత్రం కామెంట్లో పెట్టకండి. మీ వాట్సాప్ గ్రూపుల్లో కూడా పంపండి, ముఖ్యంగా ఫోన్ కౌంటర్లోకి ఇచ్చేసే పెద్దవాళ్ళకి చదివి వినిపించండి.